కారు కదలదు... టైరు ఆగదు!

రేసులో గెలవాలంటే కారు ముందుకు దూకాలి. బర్నవుట్‌లో గెలవాలంటే కారు ఉన్నచోటే ఉండాలి, చక్రాలు మాత్రం గిర్రున తిరిగి రబ్బరును పొగ చేయాలి. ఇంజిన్ శక్తినంతా పనిగట్టుకుని తగలేసే ఈ విద్యలోనూ ప్రపంచ విజేతలున్నారు, గిన్నిస్ పత్రాలున్నాయి, జరిమానాల రికార్డులూ ఉన్నాయి. ‘అసలు సిసలు డ్రైవరంటే క్లచ్ తొక్కాల్సిందే’ అని మీసం మెలేసేవారికి మాత్రం ఈ జాబితా మింగుడుపడదు. కిరీటాల్లో పెద్ద వాటా ఆటోమేటిక్ బళ్లే ఎగరేసుకుపోయాయి!

ఒకేచోట, ఒకేసారి 126 కార్లు! ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో 1988లో మొదలైన ‘సమ్మర్‌నాట్స్’ కార్ల జాతర ఈ పిచ్చికి పుట్టిల్లు. అక్కడ 2013లో 69 కార్లు కలిసి టైర్లు కాల్చి గిన్నిస్‌కెక్కాయి. 2015లో ఆ లెక్క 103 అయింది. 2019లో 126కి ఎగబాకింది. కారుకు రెండు చొప్పున చూసినా 252 టైర్లు ఒక్క పెట్టున రాజుకున్నాయన్నమాట. పక్క కారు కాదు, సొంత బానెట్టే కనిపించనంత పొగ! అక్కడి పోటీల్లో టైరు పేలితే ఓడినట్టు కాదు. వెనక టైర్లు రెండూ పేలి, పీలికలు గాల్లోకి ఎగిరితేనే జనం ఈలలు వేస్తారు.

ఎక్కువ దూరం జారిన కారు ఏది? బీఎండబ్ల్యూ ఎం5. వెనక చక్రాలు పట్టు తప్పి తిరుగుతుండగా కారును పక్కవాటుగా నడిపించడం డ్రిఫ్ట్. కదిలే బర్నవుట్ అనుకోండి. 2017 డిసెంబర్‌లో అమెరికాలోని సౌత్ కరోలినాలో యోహాన్ ష్వార్ట్జ్ అనే శిక్షకుడు 8 గంటల పాటు ఆపకుండా 374 కిలోమీటర్లు డ్రిఫ్ట్ చేశాడు. విజయవాడ నుంచి విశాఖకు పక్కవాటుగానే జారుకుంటూ వెళ్లినా ఇంకా దూరం మిగిలే లెక్క! మధ్యలో పెట్రోలు అయిపోతే? ఆగితే రికార్డు పోతుంది. అందుకని ఇంకో ఎం5 కూడా పక్కనే అంతే వేగంతో డ్రిఫ్ట్ చేస్తూ వచ్చింది. అందులోంచి ఒక మనిషి నడుం దాకా బయటికి వంగి, గొట్టం పెట్టి ట్యాంకు నింపాడు. ఒకసారి కాదు, అయిదుసార్లు! టైర్లు అరిగిపోకుండా నేలంతా నీళ్లతో తడిపి ఉంచారు. దీనికి ఆరు నెలల ముందే దక్షిణాఫ్రికాలో టయోటా 86 నెలకొల్పిన 165 కిలోమీటర్ల రికార్డు ఈ దెబ్బకు రెండింతలు దాటి చిత్తయింది. ఎం5లో ఉన్నది ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. క్లచ్ పెడలే లేదు.

కరెంటు కార్లలో ఈ కిరీటాన్ని పోర్షే టైకాన్ అందుకుంది. 2020 నవంబర్‌లో జర్మనీలోని హాకెన్‌హైమ్ ట్రాక్‌లో డెనిస్ రెటెరా 55 నిమిషాల్లో 210 చుట్లు, మొత్తం 42.171 కిలోమీటర్లు డ్రిఫ్ట్ చేశాడు. మారథాన్ దూరం 42.195. ఇంకొక్క 24 మీటర్లు జారి ఉంటే ‘పక్కవాటు మారథాన్’ పూర్తయ్యేది! అంతదూరం వెళ్లినవాడు ఆ కాస్త దగ్గర ఎందుకాగాడో!

అత్యంత వేగంగా జారినవాడు జపాన్‌కు చెందిన మసాటో కవబాతా. 2016లో అరబ్ ఎమిరేట్స్‌లోని ఫుజైరా విమానాశ్రయం రన్‌వే మీద, 1,380 హార్స్‌పవర్ నిస్సాన్ జీటీ-ఆర్‌ను 30 డిగ్రీల కోణంలో గంటకు 304.96 కిలోమీటర్ల వేగంతో డ్రిఫ్ట్ చేశాడు. మన వందేభారత్ పట్టాల మీద తిన్నగా వెళ్లే గరిష్ఠ వేగం 160. దానికి దాదాపు రెండింతల వేగం... అదీ అడ్డంగా!

ఇక బలంలో రారాజు, తిన్నటి ట్రాక్ మీద పరుగెత్తే రేసు బండి టాప్ ఫ్యూయెల్ డ్రాగ్‌స్టర్. 8.2 లీటర్ల వీ8 ఇంజిన్. తాగేది పెట్రోలు కాదు, నైట్రోమీథేన్. బలం దాదాపు 11,000 హార్స్‌పవర్, అంటే మారుతి ఆల్టో కే10 కార్లు 160కి పైగా కలిస్తే వచ్చే శక్తి. 304.8 మీటర్ల ట్రాక్‌ను బ్రిటనీ ఫోర్స్ అనే మహిళ 2019లో 3.623 సెకన్లలో ముగించింది. 2022లో గంటకు 545 కిలోమీటర్ల వేగమూ ఆమే అందుకుంది. ఒక్క పరుగుకు తాగేసే ఇంధనం 45 లీటర్ల పైమాటే. మన చిన్నకారుకు అది ఫుల్ ట్యాంకు కన్నా ఎక్కువ.

ఈ బండికి బర్నవుట్ షోకు కాదు, అవసరం. పరుగుకు ముందు డ్రైవరు వెనక టైర్లను నీళ్లు పోసిన చోట తడిపి, యాక్సిలరేటర్ నొక్కుతారు. తడి వల్ల టైరు సులువుగా జారి, వేగంగా తిరిగి, వేడెక్కుతుంది. పొగ లేచేసరికి పైపొర మీద అంటుకున్న దుమ్మూ ఇసుకా పోయి, రబ్బరు జిగురు తేలుతుంది. ట్రాక్ మీద రెండు నల్లచారలు పడతాయి. ఆ తర్వాతిదే ముచ్చటైన ఘట్టం. సిబ్బందిలో ఒకరు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ ఎత్తి, వేళ్లతో సైగలు చేస్తూ బండిని వెనక్కి రప్పిస్తారు. కాస్త కుడికి, కాస్త ఎడమకు... తను వేసిన చారల మీదే టైర్లు సరిగ్గా కూర్చునేదాకా! ఇంతసేపూ పట్టిన ఆ తతంగం దేనికీ అంటే, నాలుగు సెకన్లయినా పట్టని పరుగుకు.

చాలా తక్కువ గాలి, చాలా తక్కువ ఆయుష్షు... ఈ రెండు గుణాలూ ఆ టైరువే. ఎత్తు 36 అంగుళాలు, వెడల్పు 17.5 అంగుళాలు. మన కారు టైరులో 30కి పైగా పీఎస్‌ఐ గాలి కొట్టిస్తాం. ఇందులో ఉండేది ఆరేడు! బండి కదిలిన క్షణంలో టైరు పక్కగోడలు ముడతలు పడి నేలకు అతుక్కుంటాయి. వేగం పెరిగేకొద్దీ అదే టైరు సాగి ఎత్తు పెరుగుతుంది. ఆ పెరగడమే గేరు మార్చినట్టు పనిచేస్తుంది, ఎందుకంటే ఈ బండికి మాన్యువల్ గేర్‌బాక్సూ లేదు, ఆటోమేటిక్కూ లేదు. ఉన్నదల్లా కొన్ని క్లచ్ ప్లేట్ల దొంతర. అవి కావాలనే జారి, వేడెక్కి, చివరికి బిగుసుకుంటాయి. పరుగు ముగియగానే సిబ్బంది వాటిని ఊడదీసి చూడాల్సిందే. మన టైరు 40 వేల కిలోమీటర్లు నడవలేదని షాపువాడితో గొడవపడతాం. ఈ టైరుకు కిలోమీటర్ల లెక్కే లేదు. కొద్దిపాటి పరుగులు, అంతే.

పొగ దూరంలో ప్రేక్షకుల మనసు దోచిన హీరో 1970ల నాటి ‘జంగిల్ జిమ్’ లిబర్‌మన్. మిగతావాళ్లు కొద్ది మీటర్లు కాల్చి ఆపేస్తే, ఈయన సగం ట్రాక్ దాటేదాకా పొగ ఆపేవాడు కాదు. తర్వాత అదే దారిలో యమ వేగంగా రివర్స్‌లో వచ్చేవాడు. టిక్కెట్టు కొన్నది రేసు చూడటానికా, ఆయన పొగ చూడటానికా అన్నట్టుండేది జనం పరిస్థితి.

మరి మామూలు కారులో ఏం జరుగుతుంది? మాన్యువల్‌లో ఇంజిన్‌ను రొద పెట్టించి క్లచ్‌ను ఒక్కసారిగా వదిలేస్తే ఆ దెబ్బంతా చక్రాలకు తగిలి టైరు పట్టు తప్పుతుంది. దెబ్బ మొదట తినేది క్లచ్ ప్లేటు, తర్వాత డ్రైవ్ షాఫ్టు, ఆపైన డిఫరెన్షియల్. సగం క్లచ్‌లో ఆడిస్తే టైరు బతికిపోతుంది, ప్లేటు కాలిపోతుంది. మెకానిక్ బానెట్ ఎత్తకముందే వాసన పసిగట్టేస్తాడు. ఆటోమేటిక్‌లో ఆ దెబ్బే ఉండదు. ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య ఇనుప ప్లేటుకు బదులు నూనె నిండిన టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎడమకాలు బ్రేకు మీద, కుడికాలు యాక్సిలరేటర్ మీద ఉంచితే లోపలి నూనె చిలికినట్టు సుళ్లు తిరుగుతూ బలాన్ని పెంచుతుంది. చక్రం తిరగకుండా బిగపట్టి ఇంజిన్‌ను రొద పెట్టించే పరీక్షను మెకానిక్కులు అయిదు సెకన్లకు మించి చేయరు. అంతలోనే నూనె సలసలకాగుతుంది. ఎర్రగా ఉండాల్సిన నూనె గోధుమరంగుకు తిరిగి మాడు వాసన కొడితే గేర్‌బాక్స్ కథ ముగిసినట్టే. క్లచ్ ప్లేటు బిల్లు వేలల్లో, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బిల్లు లక్షల్లో!

మన రోడ్ల మీది చిన్న ఆటోమేటిక్కులది వేరే కథ. 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలోకి వచ్చిన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని మాత్రం మోటారు చూసుకుంటుంది. బ్రేకు మీద కాలుండి బండి ఆగి ఉంటే అది క్లచ్‌ను విడదీసే ఉంచుతుంది. ఎంత రొద పెట్టించినా పొగ రాదు. మహా బుద్ధిమంతురాలు! ఇక వెనక చక్రాలతో నడిచే మన అంబాసిడర్‌కు బర్నవుట్‌కు కావలసిన చట్రం ఉన్నా, ఇంజిన్‌లో ఆ సరుకే లేకపోయింది.

వయసులో పెద్దన్న హైడ్రామాటిక్. క్లచ్ పెడల్ లేకుండా, మార్కెట్లో భారీగా అమ్ముడైన తొలి పూర్తి ఆటోమేటిక్ ఇదే. జనరల్ మోటార్స్ దీన్ని 1939లో ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పెట్టింది. అయితే వృద్ధ వస్తాదు బిరుదు మాత్రం షెవర్లే పవర్‌గ్లైడ్‌దే. పుట్టింది 1950లో, ఫ్యాక్టరీ తయారీ ఆగింది 1973లో. ఉన్నవి కేవలం రెండు గేర్లు. నేటి కార్లలో ఎనిమిది, పది గేర్లు ఉంటుంటే డ్రాగ్ రేసర్లు ఇప్పటికీ వెతికి బిగించుకునేది ఈ రెండు గేర్ల ముసలిదాన్నే. తేలిక, గట్టిది, శక్తిని తక్కువ మింగుతుంది.

గేర్‌బాక్స్ వల్ల అత్యంత బాధాకరమైన మలుపు తిరిగిన జీవితం డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్‌ది. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో బండి కదిలిందో లేదో రెండు గేర్ల ట్రాన్స్‌మిషన్ బాంబులా పేలింది. బండి రెండు ముక్కలైంది. కుడిపాదంలో కొంతభాగం పోయింది. ఆస్పత్రి మంచం మీదే ఆయన ఆలోచన ఇంజిన్‌ను డ్రైవరు ముందు నుంచి వెనక్కి మార్చడం మీదికి మళ్లింది. 1971లో ఆ బండితోనే వచ్చి గెలిచాడు. నేటి టాప్ ఫ్యూయెల్ బళ్లన్నిటికీ ఇంజిన్ డ్రైవరు వెనకే. ఈ మొత్తం జాబితాలో నేను ఎక్కువ మార్కులు వేసేది ఈయనకే. పొగ ఎవరైనా లేపుతారు, పాదం పోగొట్టుకుని పాఠం నేర్చుకునేవాళ్లు అరుదు.

బద్ధకస్తుల బర్నవుట్ 2015 ఫోర్డ్ మస్టాంగ్ జీటీది. రేసర్లు ముందు బ్రేకులను మాత్రమే బిగించి ఉంచే ‘లైన్ లాక్’ పరికరాన్ని బయట కొని అమర్చుకునేవారు. మస్టాంగ్ దాన్ని ఫ్యాక్టరీలోనే, తెర మీది మెనూలో పెట్టేసింది. మీట నొక్కితే ముందు చక్రాలు బిగుసుకుంటాయి, వెనకవి స్వేచ్ఛగా తిరుగుతాయి. 15 సెకన్లు కాగానే దానంతటదే వదిలేస్తుంది. ట్రాక్ మీద తప్ప వాడొద్దని కంపెనీ ముందే చేతులు దులుపుకుంది.

కారు షోరూం నుంచి నేరుగా రేసుకు వెళ్లేంత మొండిది 2018 డాడ్జ్ డీమన్. 840 హార్స్‌పవర్. తయారైనవి 3,300 మాత్రమే. బరువు తగ్గించడానికి కొత్త కారులో ఒక్క డ్రైవరు సీటే ఇచ్చారు. పక్క సీటు కావాలంటే అదనంగా ఒక్క డాలరు! దీంట్లో ‘ట్రాన్స్‌బ్రేక్’ ఉంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌నే లోపల బిగించి బండిని ఆపుతుంది, వదలగానే బాణం వదిలినట్టే. పావు మైలు 9.65 సెకన్లు. ముందు చక్రాలు నేల విడిచి 2.92 అడుగుల దూరం గాల్లోనే వెళ్లి గిన్నిస్‌లో చేరింది. రక్షణ పంజరం లేకుండా ఇంత వేగం కుదరదని అమెరికా డ్రాగ్ రేసింగ్ సంఘం దాన్ని నిషేధించింది. డాడ్జ్ దాన్నే గొప్పగా ప్రచారం చేసుకుంది! 2023లో వచ్చిన తమ్ముడు డీమన్ 170 ఇంకా మొండి. 1,025 హార్స్‌పవర్, 8.91 సెకన్లు. రెండూ ఆటోమేటిక్కులే. మాన్యువల్ కావాలన్నా దొరకలేదు.

లారీల్లో వస్తాదు వోల్వో ‘ఐరన్ నైట్’. 2016లో దిగింది. నాలుగున్నర టన్నుల బరువు, 2,400 హార్స్‌పవర్. నిలబడ్డచోటి నుంచి కిలోమీటరును 21.29 సెకన్లలో చుట్టేసింది. గేర్‌బాక్స్ మాత్రం కంపెనీ అమ్మే డ్యూయల్ క్లచ్ రకమే. అదీ ఆటోమేటిక్కే.

బలమున్నా పొగలేని బకాసురుడు క్యాటర్‌పిల్లర్ 797ఎఫ్ గనుల టిప్పర్. 4,000 హార్స్‌పవర్, ఏడు గేర్ల ఆటోమేటిక్, 4 మీటర్ల ఎత్తు టైర్లు. ఒక్కో టైరు బరువే అయిదు టన్నుల పైన. లోడుతో మొత్తం 623 టన్నులు. వేగం గంటకు 68 కిలోమీటర్ల లోపే. ఇదంతా తెలుగువారికి మరీ దూరపు సంగతేం కాదు. గనులు, పొలాలు, నిర్మాణాల్లో వాడే యంత్రాల టైర్లు మన అచ్యుతాపురంలోని యోకోహామా ఫ్యాక్టరీలో, కార్లు, లారీల టైర్లు తిరుపతి జిల్లా చినపండూరులోని అపోలోలో, ఎమ్మారెఫ్ టైర్లు సదాశివపేటలో తయారవుతున్నాయి.

ఇక లెగో బొమ్మ కార్ల టైర్లలో అతి చిన్నదాని వ్యాసం 14.4 మిల్లీమీటర్లు, మన రూపాయి బిళ్లకన్నా చిన్నది! ఏడాదికి 30 కోట్లకు పైగా టైర్లు చేసి, సంఖ్యలో ఆ బొమ్మల కంపెనీయే ప్రపంచంలో అతిపెద్ద టైర్ల తయారీదారుగా గిన్నిస్‌కెక్కింది. పొగ మాత్రం సున్నా.

చాలా ఖరీదైన పొగ ఒకటి మన గడ్డ మీదే లేచింది! 2013 అక్టోబర్ 27, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్. ఫార్ములా వన్ ఇండియన్ గ్రాండ్‌ ప్రి గెలిచి, వరుసగా నాలుగోసారి ప్రపంచ చాంపియన్ అయిన సెబాస్టియన్ వెటెల్ ఆనందం పట్టలేక గ్రాండ్‌స్టాండ్ ఎదుటే కారును గిరగిరా తిప్పి పొగ లేపాడు. దిగి కారుకు మోకరిల్లాడు. చేతి తొడుగులు జనంలోకి విసిరాడు. నిబంధన ప్రకారం కారును నేరుగా నిర్ణీత స్థలానికి తేలేదని నిర్వాహకులు ఆయన జట్టుకు 25,000 యూరోలు జరిమానా వేశారు. అప్పటి లెక్కన 20 లక్షల రూపాయలకు పైనే. ఆ డబ్బుతో ఆనాడు మన ఊళ్లో నాలుగైదు కొత్త చిన్నకార్లు వచ్చేవి. ఆ తర్వాత ఇండియాలో ఫార్ములా వన్ రేసు మళ్లీ జరగలేదు.

డ్రైవరే లేని పొగ కూడా ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ 1981 నాటి డెలోరియన్ కారును కరెంటు బండిగా మార్చి ‘మార్టీ’ అని పేరు పెట్టింది. 2015లో అది తనంతట తానే సున్నాలు చుట్టింది. 2019లో కిలోమీటరు పొడవైన వంకర దారిలో డ్రిఫ్ట్ చేసింది. జారుతున్న కారును అదుపు చేయడం కంప్యూటర్‌కు నేర్పితే, వాన రోడ్డు మీద మనుషుల ప్రాణాలు కాపాడొచ్చని వాళ్ల ఆలోచన.

అత్యంత పొడవైన టైరు చారలు బర్నవుట్‌వి కావు, బ్రేకు పోయినవి! 1964 అక్టోబర్ 15న అమెరికా ఉప్పు మైదానం బానవిల్‌లో క్రెయిగ్ బ్రీడ్‌లవ్ జెట్ కారు పారాచూట్లు తెగి, దాదాపు 9.6 కిలోమీటర్ల చార గీసి ఒక ఉప్పునీటి మడుగులో పడింది. హైదరాబాద్ పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మొత్తం పొడవు 11.6 కిలోమీటర్లు! ఆయన ఈదుకుంటూ బయటికొచ్చాడు. మామూలు రోడ్డు మీద పొడవైన చార 1960లో ఇంగ్లండ్‌లోని ఎం1 రహదారిపై ప్రమాదానికి గురైన జాగ్వార్‌ది. 290 మీటర్లు. నిలువెత్తు తాటిచెట్లు పదిహేనింటిని వరసగా పడుకోబెట్టినంత.

కరెంటు కార్లలో అన్నిటికన్నా త్వరగా దూకినది? అది పొగే లేపలేదు. స్విట్జర్లాండ్ విద్యార్థులు చేసిన 140 కిలోల కరెంటు బండి ‘మిథెన్’ 2023లో సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగాన్ని 0.956 సెకన్లలో, కేవలం 12.3 మీటర్లలో అందుకుంది. టైరు జారకుండా అడుగున గాలిని వాక్యూమ్ క్లీనర్‌లా పీల్చి బండిని నేలకు అదిమిపెట్టే ఫ్యాన్లు ఉన్నాయి దీనికి. పొగ లేచిందంటే శక్తి రోడ్డుకు అందలేదని అర్థం. ఆ చిన్న సూత్రం పట్టుకుని పిల్లలు కోట్ల ఖరీదు కార్లను చిత్తు చేశారు.

చివరగా, శిక్షల పట్టిక. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో రోడ్డు మీద ఇలా పొగ లేపితే పోలీసులు అక్కడికక్కడే బండిని 30 రోజులు పట్టుకెళ్లొచ్చు. మన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్‌కు తొలిసారి ఆరునెలల నుంచి ఏడాది జైలు, లేదా వెయ్యి నుంచి 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. రోడ్డు మీద రేసు పెడితే 189వ సెక్షన్. తొలిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. పొగ చూడాలన్న సరదా తీరనివాళ్లకు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేలో ట్రాకులున్నాయి. రేసుల తేదీ కనుక్కుని, టిక్కెట్టు కొని వెళ్లండి. టైర్లు వాళ్లవి కాలతాయి, మీవి కాదు.